ఎర్రనీరు తెచ్చిన నేల

(కాకినాడలోని ఒక గ్రంథాలయంలో విద్యార్థులు, ఊరివాళ్ల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఇంత ఉక్కలో కూడా ఓపిగ్గా వచ్చి కూర్చున్నందుకు చాలా సంతోషంగా ఉంది.

ముందు వరసలో ఉన్న పిల్లలు ఒక్కసారి ఈ బల్ల వైపు చూడండి. రెండు గాజు సీసాలున్నాయి కదా. రెండింటిలోనూ ఉన్నది ఒకే నీరు. నిన్న పొద్దున రాజమండ్రి కోటిలింగాల రేవులో పట్టుకొచ్చిన గోదావరి ఎర్రనీరు, అంటే మట్టి కలిసి వచ్చే వరద నీరు. నా కుడిచేతి వైపున్న సీసాలో మాత్రం ఇంట్లో వాడుకునే ఉప్పు రెండు చెంచాలు వేశాను. ఇప్పుడు రెండింటినీ బాగా ఊపుతున్నాను. చూడండి, రెండూ చిక్కటి టీ రంగులోనే ఉన్నాయి, ఏ తేడా లేదు. వీటిని ఇక్కడే కదపకుండా ఉంచుదాం. నేను మాట్లాడుతున్నంతసేపూ వీటి మీద ఓ కన్నేసి ఉంచండి. చివర్లో మళ్లీ వీటి దగ్గరికి వద్దాం.

ఉప్పాడ నుంచి వచ్చినవాళ్లు ఉంటే చేతులెత్తండి. ఆరుగురున్నారు. అయితే సముద్రపు కోత గురించి మీకు నేను చెప్పాల్సిందేమీ లేదు. తాతల నాటి ఇళ్లు, గుళ్లు ఉన్నచోటు చూపించమంటే మీ ఊరి పెద్దలు అలల వైపు చెయ్యి చాపుతారు. తుపాను వచ్చిందంటే బీచ్ రోడ్డు తెగుతుంది. మళ్లీ వేస్తారు, మళ్లీ తెగుతుంది. పెద్ద పెద్ద బస్తాల్లాంటి గొట్టాల్లో ఇసుక నింపి ఒడ్డున అడ్డంగా పేర్చారు, అవీ చిరిగిపోయాయి. బండరాళ్లు పోశారు. కాసేపు ఆగినట్టే ఉంటుంది, తర్వాత అల ఆ రాళ్ల కిందినుంచి ఇసుకను తోడేస్తుంది.

ఇదంతా చూసినవాళ్లెవరైనా అడిగే ప్రశ్న ఒకటే: సముద్రం ఎందుకిలా ముందుకొస్తోంది? నేనూ చాలా ఏళ్లు అదే అడిగాను. ఇప్పుడు మరో ప్రశ్న ముందు అడగాలనిపిస్తోంది: మనకు రావాల్సిన నేల ఎందుకు రావడం లేదు? ఎందుకంటే సముద్రం ఇవాళే కోయడం మొదలుపెట్టలేదు. అది ఎప్పుడూ కోస్తూనే ఉంది. ఇన్ని వేల ఏళ్లూ అది కోసిన దానికంటే ఎక్కువగా వెనకనుంచి మట్టి వచ్చి పడుతుండేది. 6,000 - 7,000 ఏళ్ల క్రితం ఇప్పటి కోనసీమలో చాలా భాగం సముద్రమే. తీరానికి ఎంతో లోపల, కొబ్బరి తోటల మధ్య కూడా ఒడ్డుకు సమాంతరంగా పొడవాటి ఇసుక మిట్టలు కనిపిస్తాయి. ఒక్కో మిట్టా ఒక్కో కాలంలో సముద్రపు ఒడ్డు. ఒక మిట్ట మీద నిలబడి, దాని తర్వాతి మిట్ట వైపు నడిచారంటే, గోదావరి సముద్రం దగ్గర గెలుచుకున్న నేల మీద నడుస్తున్నారన్నమాట.

ఆ నేల ఎక్కడిది? పుస్తకాల్లో పిల్లలు శైథిల్యం, క్రమక్షయం, నిక్షేపణ అని బట్టీ పడతారు. నాకు ఆ మాటలంటే గౌరవమే, పరీక్షలో అవే రాయండి. కానీ మన గోదావరి రైతులు ఈ పనులకు చిన్న చిన్న మాటలు వాడతారు. రాయి చివకడం. ఏటి కోత. ఇసుక మేట. ఈ మూడూ మూడు పాఠాలు కావు. ఒకచోట కోత పడితేనే ఇంకోచోట మేట వేస్తుంది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతాదంతా దాని వెనకాలే వస్తుంది.

మొదట రాయి సంగతి. గోదావరి పుట్టేది నాసిక్ జిల్లాలో, త్ర్యంబకం కొండల్లో. అక్కడినుంచి సముద్రం దాకా 1,465 కిలోమీటర్లు. ఆ కొండలన్నీ నల్లటి బసాల్టు రాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం నేల చీలి, పొరలు పొరలుగా పారి గడ్డకట్టిన లావా అది. (ఆ లావాకు మనకూ చుట్టరికం ఉంది. రాజమండ్రి దగ్గర కాతేరులో, అవతల పంగిడిలో తవ్వే నల్లరాయి కూడా ఆ కాలపు లావాయే. పడమటి కనుమల వైపునుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడిదాకా వచ్చిందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. అంటే గోదావరి కంటే ముందే నిప్పు ఏరొకటి ఇటు పారిందన్నమాట. నాకు ఆ సంగతి ఎప్పుడు తలుచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది.)

అంత గట్టి రాయి మట్టెలా అవుతుంది? ఎండకు వ్యాకోచించి, రాత్రి చలికి ముడుచుకుని పగుళ్లిస్తుందని చదువుకున్నాం. అది నిజమే కానీ అసలు పని చేసేది వాన నీరు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వాన చినుకులో కరిగి, అది సోడా లాగా కాస్త పుల్లబడుతుంది. ఆ పులుపు చాలా తక్కువ. కానీ అదే నీరు మట్టిలోకి ఇంకాక దాని పులుపు పెరుగుతుంది. ఎందుకంటే మట్టిలో వేళ్లు ఊపిరి తీస్తుంటాయి, కంటికి కనపడని సూక్ష్మజీవులు ఆకులను కుళ్లబెడుతూ ఊపిరి తీస్తుంటాయి. బయటి గాలితో పోలిస్తే మట్టి లోపలి గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ నీరు రాతిలోని ఖనిజాలను మెల్లగా బంకమట్టిగా మార్చేస్తుంది. రాతిలో ఉన్న ఇనుము తుప్పు పడుతుంది. అదే ఆ ఎరుపు.

కాబట్టి జీవం ఈ కథలో తర్వాత వచ్చి చేరిన పాత్ర కాదు. గుడి గోపురం సందులో మొలిచిన రావి మొక్కను మీరంతా చూసి ఉంటారు. పిట్ట వేసిన గింజ. దారమంత వేరు సందులోకి దూరుతుంది, ఏటికేడు లావెక్కుతుంది, చివరికి గోడనే పగలదీస్తుంది. కొండ మీద బండకూ అదే జరుగుతుంది. ఇంకా చిన్నదొకటి చెబుతాను. మీ ఇంట్లో బిర్యానీ మసాలాలో రాతిపువ్వు వేస్తారు కదమ్మా? నల్లగా, ఎండిపోయిన కాగితం ముక్కలా ఉంటుంది. అది పువ్వు కాదు, లైకెన్. బూజు, పాచి కలిసి ఒకే ఒంటితో బతికే జీవి. రాళ్ల మీద, చెట్ల బెరడు మీద పెరుగుతుంది. రాతి మీద పెరిగే లైకెన్లు ఆమ్లాలు వదిలి రాయిని కొద్దికొద్దిగా తింటాయి. ఏ చెట్టూ నిలవలేని నున్నటి బండ మీద మొదటి చిటికెడు మట్టిని తయారుచేసేవి అవే. ఈసారి వంటింట్లో ఆ డబ్బా తీసినప్పుడు దాన్ని వేళ్ల మధ్య నలిపి చూడండి.

బసాల్టు చివికితే నల్లరేగడి అవుతుంది. ప్రపంచంలో భూగోళ శాస్త్రం చదివినవాళ్లందరూ ఆ నేలను ‘రేగర్’ అంటారు, ఆ మాట మన రేగడి నుంచే వెళ్లింది. ఇసుక గింజలు ఎక్కువగా క్వార్ట్జ్ అనే గట్టి ఖనిజానివే. బసాల్టులో అది దాదాపు ఉండదు, అందుకే అది చివికాక ఇసుక మిగలదు, బంకమన్నే మిగులుతుంది. ఇసుకంతా మరోచోటి నుంచి వస్తుంది. తెలంగాణలో గోదావరి లోయ వెంబడి బొగ్గు పొరలతో పాటు ఉన్న ఇసుకరాయి, పాత గ్రానైటు నేలలు, ఆపైన తూర్పు కనుమలు. పాపికొండల దగ్గర నది కోసుకుంటూ వచ్చే కొండల్లో ఖొండలైట్ అనే రాయి ఉంది. ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరది. అందులో ఎర్రటి చిన్న చిన్న గార్నెట్ గింజలుంటాయి. రాయి చివికిపోతుంది, ఆ గింజలు చివకవు. మన తీరంలో ఇసుక దోసిట్లోకి తీసుకుని ఎండలో చూడండి, తెల్లటి గింజల మధ్య ఎర్రటి గింజలు, నల్లటి గింజలు మెరుస్తాయి. నల్లవాటిలో కొన్ని అయస్కాంతానికి అతుక్కుంటాయి. పాత స్పీకర్లోని అయస్కాంతం ఒకటి సంపాదించి పట్టుకెళ్లండి. మీ అరచేతిలో తూర్పు కనుమల ముక్క ఉన్నట్టే.

ఇక కోత. నేను పుట్టింది గౌతమి పాయలో ఒక లంక గ్రామంలో, మా అమ్మమ్మ గారింట్లో. లంక అంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, ఏటి మధ్యలో మేట వేసి ఏర్పడ్డ నేల. ఆ ఇంటికీ ఏటికీ మధ్య నా చిన్నప్పుడు మూడు వరసల కొబ్బరి చెట్లుండేవి. 1986 ఆగస్టులో పెద్ద వరద వచ్చింది. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు నమోదైన వరద అది. నీరు పెరుగుతున్నన్ని రోజులూ అందరికీ ఒకటే టెన్షన్, గట్టు ఆగుతుందా అని. గట్టు ఆగింది. నీరు తీయడం మొదలైంది, అమ్మయ్య అనుకున్నాం. మా అమ్మమ్మ మాత్రం, ‘ఇప్పుడే నిద్రపోకండర్రా, కోత ఇప్పుడు పడుతుంది’ అంది.

ఆ రాత్రి పడుకుని ఉంటే ఏటివైపు నుంచి చప్పుడు. ముందు చిన్నగా, గుడ్డ చిరిగినట్టు. తర్వాత ధభీమని ఒక్కటే. కాసేపు ఏమీ ఉండదు. మళ్లీ అదే. పొద్దున లేచి చూస్తే ఒక వరస చెట్లు లేవు. రెండో వరసలో ఒక చెట్టు సగం వేళ్లు గాల్లో వేలాడుతూ ఏటి మీదికి వంగి ఉంది, కాయలతో సహా.

కాలేజీలో చదువుకున్నాక ఆమె మాటలో ఉన్న శాస్త్రం తెలిసింది. వరద నిండుగా ఉన్నప్పుడు నీరే గట్టును ఆనుకుని నిలబెడుతుంది. గట్టు మట్టి ఆ నీటిని పీల్చుకుని బరువెక్కుతుంది. నీరు గబగబా తీసేసరికి ఆసరా పోతుంది, బరువు అలాగే ఉంటుంది, అడుగున అప్పటికే ఏరు తొలిచేసి ఉంటుంది. ఇక జారక ఏం చేస్తుంది?

కానీ ఆ ఏడాది జరిగింది అదొక్కటే కాదు. మా వైపు నది ఒంపు తిరిగే చోట బయటి అంచు, నీరు వేగంగా కొట్టే చోటు. అవతలి ఒడ్డున, ఒంపు లోపలి వైపు, నీరు నెమ్మదించే చోట కొత్తగా ఇసుక మేట లేచింది. మొదటి ఏడు ఒట్టి ఇసుకే, చెప్పుల్లేకుండా నడవలేనంత వేడి. రెండో ఏడు అక్కడక్కడా రెల్లు మొలిచింది. ఆ రెల్లుగడ్డిని నేను చాలాసార్లు దగ్గరగా చూశాను. వరద నీరు వచ్చినప్పుడు గడ్డి పోచలు వంగి, నీటి వేగాన్ని తగ్గిస్తాయి. వేగం తగ్గిన నీరు మోస్తున్న బరువు దించేస్తుంది. నీరు పోయాక ప్రతి దుబ్బు వెనకా తోకలాగా వండలి, అంటే వరద తెచ్చే మెత్తటి మట్టి, పేరుకుని ఉండేది. ఆ మట్టిలోకి రెల్లు ఇంకో వేరు వేసేది. అలా గడ్డి మట్టిని పట్టింది, ఆ మట్టే మళ్లీ గడ్డిని పెంచింది. కొన్నేళ్లకు దాని మీద పొగాకు వేశారు. లంక పొగాకుకు అంత పేరు రావడానికి కారణం ఏటేటా వరద తెచ్చి పోసే ఆ కొత్త వండలే. మా అమ్మమ్మ చెట్లు నిలబడిన మట్టిలో కొంతైనా అక్కడికి చేరిందనే నేను నమ్ముతాను.

ఎర్రనీరు అంటే మన జిల్లాల్లో పండగ. పులస వచ్చేది అప్పుడే కదా. సముద్రంలోంచి చేప ఎర్రనీటికి ఎదురీదుకుంటూ వస్తుంది. రేవులో ధర అడగడానికి గుమిగూడతాం. కానీ ఆ ఎరుపు ఎంత ఉందని ఎవరం అడగం. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ లెక్క తీశారు. 1970ల్లో గోదావరి నీటిలో తేలుతూ ఏటా సగటున 15 కోట్ల టన్నుల మట్టి వచ్చేది. 1990లకు అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. మిగతా మట్టి ఎక్కడుంది? పైన కట్టిన జలాశయాల అడుగున. పైఠణ్ దగ్గర జాయక్‌వాడి, పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్, ఉపనదుల మీద మరెన్నో. నీరు ఆగినచోట మట్టి దిగిపోతుంది, ఈ సీసాల్లో జరుగుతున్నట్టే. గేట్లు ఎత్తినప్పుడు కిందికి వచ్చే నీటిలో బరువు తక్కువ.

ఆనకట్టలు వద్దని నేను అనలేను. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేయకముందు ఈ డెల్టా కరువుల్లో ఎలా మాడిందో మన పెద్దల పెద్దలు చూశారు. ఆ నీటితో పండిన అన్నం తిని పెరిగినవాణ్ణి. నా బాధల్లా ఇదొక్కటే: ఎన్ని టీఎంసీలని నీళ్లకు రోజూ లెక్క వేస్తాం, పేపర్లో వేస్తాం, దాని కోసం రాష్ట్రాలు పోట్లాడుకుంటాయి. మట్టికి ఏ లెక్కా లేదు. ప్రాజెక్టు కట్టేటప్పుడు పూడిక గురించి మాట్లాడతారు, అదీ జలాశయం ఎన్నేళ్లు పనికొస్తుందనే లెక్క కోసం. ఆ పూడిక అంటే దిగువన ఎవరికో రావాల్సిన నేల అని ఎవరూ అనరు. అది చాలదన్నట్టు ఏట్లోంచి ఇసుక లారీలకు లారీలు తోడేస్తున్నాం.

ఇక సముద్రం ఒడ్డుకు వద్దాం. ఏరు సముద్రంలో కలిసేచోట ఇసుక పడితే పని అయిపోదు. అలలు ఒడ్డుకు ఏటవాలుగా కొట్టడం వల్ల ఇసుక ఒడ్డు వెంబడి నడుస్తుంది. నైరుతి గాలులప్పుడు ఉత్తరానికి, చలికాలంలో దక్షిణానికి. మొత్తం మీద మన తీరంలో ఉత్తరానికి పోయేదే ఎక్కువ. అలా గోదావరి ముఖద్వారం నుంచి ఉత్తరంగా నడిచిన ఇసుక కట్టిన కట్టే మన హోప్ ఐలాండ్. సుమారు 16 కిలోమీటర్ల పొడవు, మహా అయితే రెండు మూడు వందల ఏళ్ల వయసు. కాకినాడ రేవుకు అల తగలకుండా అడ్డం నిలబడేది అదే. తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చేదీ దాని మీదికే. ఈ ఊరు ఊరిగా ఎదగడానికి ఒక ఇసుక తిన్నె కారణమైంది.

అయితే అక్కడ ఆగిన ఇసుక ఉప్పాడకు వెళ్లదు. రేవు కాలువలో పూడిక తీసి బయట పోసిందీ వెళ్లదు. హోప్ ఐలాండ్ కొసను చుట్టి వంగే అలలు నేరుగా ఉప్పాడ వైపు కొడతాయి. దానికి తోడు ఏరు తెచ్చేదే తగ్గిపోయింది. పరిశోధకులు చెప్పే కారణాలు ఇవి, ఏ ఒక్కదాని మీదా తప్పంతా తోసేయలేం. విశాఖలో రేవు దగ్గర ఆగిపోయిన ఇసుకను డ్రెడ్జింగ్ చేసి ఆర్కే బీచ్‌కు పంపుతుంటారు. ఇసుక దారికి అడ్డం కట్టినవాళ్లు ఆ ఇసుకను చేతులతో అవతల పెట్టాలి, అది న్యాయం. ఉప్పాడకూ బండరాళ్ల కంటే ముందు ఇసుక కావాలని నా అభిప్రాయం.

ఇక్కడికి దగ్గర్లోనే కోరింగ ఉంది. 1839 తుపానులో దెబ్బతిన్న ఓడరేవు. తుపాన్లు ఒకవైపు, పూడిక ఒకవైపు ఆ రేవును ముగించాయి. రేవును ముంచిన ఆ బురద మీదే ఇవాళ మడ అడవి పెరిగింది. కోరింగ అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లు. పోటు తీసిన సమయంలో చెక్క వంతెన మీద నిలబడి కిందికి చూడండి. బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు వేళ్లు పైకి లేచి ఉంటాయి, వేలల్లో. బురదలో గాలి ఆడదు కాబట్టి మడ చెట్టు వేళ్లను పైకి పంపి ఊపిరి పీల్చుకుంటుంది. పోటు నీరు ఆ పెన్సిళ్ల మధ్యకు రాగానే నెమ్మదిస్తుంది, మట్టి దింపుతుంది. మా లంకలో రెల్లు చేసిన పనే. పీతలు బొరియలు తవ్వి ఆ బురదను కిందిది పైకీ పైది కిందికీ తిప్పుతుంటాయి. బురద వల్ల అడవి వచ్చిందా, అడవి వల్ల బురద నిలిచిందా అని ఒక అమ్మాయి నన్ను అడిగింది. రెండూ, తల్లీ. ఒకటి లేకపోతే రెండోది లేదు.

ఇంకెంతసేపో మాట్లాడను. పిల్లలూ, ఇప్పుడు సీసాలు చూడండి. దగ్గరికి రండి, ముట్టుకోవద్దు. రెండింటి అడుగునా ఇసుక పలచగా ఉంది, అది నేను సీసాలు ఊపి బల్ల మీద పెట్టగానే దిగిపోయి ఉంటుంది. దాని మీద కాస్త మెత్తటి పొర. పైన? ఎడమ సీసాలో ఇంకా టీ రంగే. ఉప్పు వేసిన సీసాలో చూడండి, పైన నాలుగు వేళ్ల మందం నీరు తేరుకుంది. బంకమట్టి రేణువులు మామూలు నీటిలో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ రోజుల తరబడి తేలుతుంటాయి. ఉప్పు తగిలితే ఆ నెట్టుకోవడం తగ్గి, విరిగిన పాలలా ముద్దలు కడతాయి, బరువెక్కి దిగిపోతాయి. మీ నాయనమ్మలు బురద నీళ్ల కుండలో పటిక తిప్పేది, చిల్లగింజ అరగదీసి కలిపేది కూడా ఆ మట్టిని ముద్ద కట్టించడానికే. త్ర్యంబకం నుంచి దాదాపు పదిహేను వందల కిలోమీటర్లు తేలుతూ వచ్చిన మట్టి ఉప్పునీరు తగలగానే ఏటి మొగ దగ్గరే ఎందుకు దిగిపోతుందో, కోరింగ అక్కడే ఎందుకుందో ఈ సీసా చెబుతుంది.

ఎడమవైపు సీసాను లైబ్రేరియన్ గారి బల్ల మీద పెట్టి వెళ్తున్నాను. కదపకండి. పక్కన ఒక కాగితం అంటించాను, రోజూ ఎవరో ఒకరు వచ్చి తేరిన నీటి ఎత్తు స్కేలుతో కొలిచి తేదీ వేయండి. ఉప్పాడ నుంచి వచ్చిన బాబు ఒకడు ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తి ఉంచాడు. అడుగు నాయనా.